కవిరాజును దించిన తెనాలి

తెనాలి మున్సిపల్ కౌన్సిలర్లు ఒకసారి తమ ఛైర్మన్ మీద అవిశ్వాసం పెట్టి నెగ్గారు. తగాదా పన్నుల దగ్గర మొదలవలేదు, కాంట్రాక్టుల దగ్గరా కాదు. గంగానమ్మ దగ్గర మొదలైంది. కొలుపుల్లో అమ్మవారి ముందు వేటలు వెయ్యడానికి వీల్లేదని ఛైర్మన్ నిషేధం పెట్టాడు. ఊళ్లో రోగం తలెత్తితే అమ్మకు కోపమొచ్చిందనుకునే రోజులవి. మున్సిపాలిటీకి దేవతతో పనేమిటి, కుళాయిలూ కాలవలూ చూసుకోక, అన్నది అప్పుడు తేలిగ్గా నోటికొచ్చే మాట. ఆ ఛైర్మన్ త్రిపురనేని రామస్వామి చౌదరి. గుడివాడ దగ్గర అంగలూరులో 1887లో పుట్టి, డబ్లిన్ వెళ్లి న్యాయశాస్త్రం చదివి వచ్చి, తెనాలిలో స్థిరపడి, 'సూతపురాణం', 'శంబుకవధ' రాసిన కవిరాజు. 1922లో కౌన్సిలరయ్యాడు, 1925లో ఛైర్మనయ్యాడు. బలుల నిషేధంతో కుర్చీ పోయింది. 1927లో మళ్లీ గెలిచి అదే కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుని, మళ్లీ అదే నిషేధం పెట్టాడు. 1938 దాకా ఆయన పేరు తెనాలి మున్సిపాలిటీతో ముడిపడే ఉంది.

ఈ కథను మనం ఎప్పుడు చెప్పుకున్నా సంస్కర్త పట్టుదల కిందే చెప్పుకుంటాం. అది నిజమే. కానీ కథలో ఇంకో పక్షం ఉంది. ఆయన్ను దించిన కౌన్సిలర్లను మూఢులని ఒక్క మాటతో తీసిపారేసి ముందుకు వెళ్లిపోతాం. వాళ్లు వేసిన ఓటు తప్పని నేనూ అంటాను. అయినా ఒక సంగతి గమనించాలి. ఊళ్లో అందరికంటే చదువుకున్న మనిషిని, పేరున్న కవిని, ప్లీడర్ని చేతులెత్తి దించగల శక్తి ఆ కౌన్సిలర్ల దగ్గర ఉంది. మద్రాసు నుంచి ఎవరో ఉత్తర్వు పంపితే దిగలేదు ఆయన. తిరిగి ఎక్కడానికీ ఎవరి సిఫారసూ సరిపోలేదు, అదే ఊళ్లో ఓట్లు కూడగట్టుకోవలసి వచ్చింది. కౌన్సిలర్ అనే పదవిలో అసలు సారమంతా ఇక్కడే ఉందన్నది ఈ వ్యాసంలో నా వాదన. వీధి దీపం వేయించడం, పూడిక తీయించడం కౌన్సిలర్ చేసే పనులు కావచ్చు. కౌన్సిలర్ ఉన్నది మాత్రం కాదనడానికి. ఛైర్మన్‌ను కాదనడానికి, ఆఫీసును కాదనడానికి, అవసరమైతే పై సర్కారునూ కాదనడానికి. వందేళ్లలో మన పట్టణాల్లో పోయింది ఆ కాదనే శక్తే. కౌన్సిలర్ల గుణం చెడి అది పోయిందనుకుంటే పొరపాటు. ఒక్కో అధికారాన్నీ చట్టాలు, ఉత్తర్వులు మెల్లగా పైకి లాక్కుపోయాయి.

మున్సిపాలిటీలు జనం అడిగితే వచ్చినవి కావు. 1865లో మద్రాసు సర్కారు పట్టణాల అభివృద్ధి చట్టం చేసింది. మరుసటేడు గుంటూరు మున్సిపాలిటీ అయింది. రోడ్ల ఖర్చు, పోలీసు ఖర్చు ఊరి నెత్తిన వెయ్యడమే అప్పట్లో సర్కారు ముఖ్యోద్దేశం. 1882 మే 18 నాటి వైస్రాయి రిప్పన్ తీర్మానం ఈ లెక్కను కొంత తిరగేసింది. ఊరి పనులు ఊరివాళ్లకు అప్పగిస్తే పాలన వెంటనే మెరుగుపడుతుందని రిప్పన్ ఆశపెట్టలేదు, మొదట్లో కొంత దెబ్బతిన్నా పరవాలేదన్నాడు. జనానికి రాజకీయం నేర్పే బడి కావాలన్నాడు. దాని వెనకే 1884లో జిల్లా మున్సిపాలిటీల చట్టం, స్థానిక బోర్డుల చట్టం వచ్చాయి. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. తూర్పు కాలవ, పడమటి కాలవ, నిజాంపట్నం కాలవ మూడూ ఊళ్లోంచి పారే తెనాలికి 1909లో మున్సిపాలిటీ హోదా దక్కింది. డెల్టా ధాన్యం, రైలు, మార్కెట్టు కలిసి ఊరిని అప్పటికే పెంచేశాయి. పొరుగున ఉన్న బాపట్ల 1950ల తొలినాళ్లలో, రేపల్లె ఆ దశాబ్దం నడుమ మున్సిపాలిటీలయ్యాయి. అంటే ఆ రెండింటికంటే తెనాలికి నాలుగు దశాబ్దాల ముందే కౌన్సిల్ హాలు అలవాటైంది. రిప్పన్ చెప్పిన బడి పాఠం తెనాలి ఎలా నేర్చుకుందో గంగానమ్మ తగాదాలో చూశాం. ఒకసారి ఫెయిలై, రెండేళ్లలో పాసైంది.

బాపట్ల తాలూకాకు మాత్రం ఆ పాఠం మరో రకంగా వచ్చింది, అదీ ఇంకా ముందు. చీరాల, పేరాల అప్పట్లో బాపట్ల తాలూకాలోవే. చుట్టుపక్కల ఊళ్లతో కలిపి యూనియన్‌గా ఉన్న ఆ నేత ఊళ్లను 1919లో సర్కారు మున్సిపాలిటీ చేసింది. ఏడాదికి నాలుగు వేల రూపాయల మట్టాన ఉన్న పన్నులు దాదాపు పదింతలు కాబోతున్నాయని తేలింది. మాకు ఈ హోదా వద్దని జనం అర్జీలు పెట్టుకున్నారు. వినేవాళ్లు లేకపోయారు. జాతీయోద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రంగంలోకి దిగాక కౌన్సిలర్లు రాజీనామా చేశారు. దానికి సర్కారు జవాబేమిటంటే, జీతమిచ్చి ఒక మనిషిని ఛైర్మన్ కుర్చీలో కూర్చోబెట్టి మున్సిపాలిటీని నడిపించడం. పన్ను కట్టనివాళ్లను జైలుకు పంపారు, వాళ్లలో ఒక స్త్రీ కూడా ఉంది. 1921 ఏప్రిల్లో గాంధీ వచ్చి, హింస లేకుండా తప్పుకోవాలంటే ఊరే ఖాళీ చెయ్యడం ఒక దారి అన్నాడు. ఖాళీ చేశారు. మున్సిపల్ హద్దుకు ఆవల తాటాకు పాకలు వేసుకుని, దానికి రామనగరమని పేరు పెట్టుకుని, ఎండలూ వానలూ చలీ అక్కడే గడిపి దాదాపు పదకొండు నెలలున్నారు. దుగ్గిరాల జైలు పాలయ్యాక ఊపు తగ్గి ఇళ్లకు తిరిగొచ్చారు. ఈ పోరాటాన్ని సాధారణంగా సహాయ నిరాకరణ ఖాతాలో రాస్తారు. స్థానిక పాలన చరిత్రలో దాని చోటు వేరు. అందులో ఆఖరి మెట్టు వలస. అంతకు ముందరి మెట్టు కౌన్సిలర్ల రాజీనామా. ఊరికీ సర్కారుకూ మధ్య నిలబడాల్సిన మనుషులు, మా పేరు మీద ఈ పన్ను వెయ్యడానికి వీల్లేదని తప్పుకున్నారు. కుర్చీలు ఖాళీ అయ్యేసరికి జీతగాడి కింద నడిచే మున్సిపాలిటీ ఎలా ఉంటుందో అందరికీ కనిపించింది. అప్పటికి మద్రాసులో స్థానిక పాలన శాఖ ఒక తెలుగు మంత్రి పానగల్ రాజా చేతిలో ఉంది. ఎన్నికైన మంత్రి మద్రాసులో ఉన్నంత మాత్రాన ఎన్నికైన కౌన్సిలర్ చీరాలలో అక్కర్లేదనుకుంటే పొరపాటని 1921 నాటికే రుజువైపోయింది.

ఇదంతా పాతకాలం మీద మోజు కాదా అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిందే. 1920ల నాటి కౌన్సిల్ ఊరంతటి అద్దం కాదు. పన్ను కట్టేవాళ్లకే ఓటు. కొందరు సభ్యులను సర్కారే నామినేట్ చేసేది. పాకీ పనివాళ్లకు, కూలి జనానికి ఆ హాల్లో గొంతు లేదు. ఆడవాళ్లు దాదాపు కనిపించరు. ఆ రోజులు తిరిగి రావాలని ఎవరూ కోరరు. నేడు తెనాలి వార్డులో ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషికీ ఓటుంది, సీట్లలో సగం ఆడవాళ్లకు రిజర్వయింది. 1920లతో పోలిస్తే ఎన్నుకునే హక్కు ఎన్నో రెట్లు పెరిగింది. అసలు చిక్కు ఇక్కడే. ఓటరు చేతికి వచ్చిన బలం ఎంత పెరిగిందో, ఆ ఓటుతో కూర్చున్న కౌన్సిలర్ చేతిలో బలం అంత తగ్గింది. పదిమందికి తలుపు తెరిచి, లోపలి సామాను వెనక గుమ్మం గుండా తరలించినట్టుంది వ్యవహారం.

ఎలా తగ్గిందో చూద్దాం. 1920లో వచ్చిన మున్సిపాలిటీల చట్టం కింద ఛైర్మనే పాలనాధికారి, ఆయన్ను ఎన్నుకునేది కౌన్సిలర్లు. 1930ల తొలి భాగంలో చట్టాన్ని సవరించి కమిషనర్లను తెచ్చారు. కవిరాజు ఇంకా తెనాలి కుర్చీ చుట్టూ ఉన్న రోజుల్లోనే ఫైలు ఛైర్మన్ బల్ల మీంచి కమిషనర్ బల్ల మీదికి జరిగింది. ఛైర్మన్ల పక్షపాతం, పన్నుల బకాయిలు, ఉద్యోగాల్లో బంధువులు అప్పుడు చెప్పిన కారణాలు, అవి కల్పితాలేమీ కావు. తర్వాత మనకు ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం 1965లో వచ్చింది. నేటికీ కౌన్సిళ్లు నడుస్తున్నది దాని కిందే. కమిషనర్ రాష్ట్ర సర్కారు ఉద్యోగి, బదిలీ చేసేది సర్కారు. కౌన్సిల్ చేసిన తీర్మానాన్ని నిలిపెయ్యడానికీ కొట్టెయ్యడానికీ సర్కారుకు అధికారముంది. కౌన్సిల్‌నే రద్దు చేసే అధికారమూ ఉంది. ఛైర్మన్ ఎన్నిక పద్ధతి కూడా ఊరి చేతిలో లేదు. 2000లో ఓటర్లే నేరుగా ఛైర్మన్‌ను ఎన్నుకున్నారు, 2005 నుంచి మళ్లీ కౌన్సిలర్ల చేతికి వచ్చింది. ఎమ్మెల్యే, ఎంపీ పదవి రీత్యా కౌన్సిల్లో సభ్యులు, ఓటు కూడా ఉంటుంది. ఎమ్మెల్యే హాల్లోకి వచ్చి కూర్చుంటే ఆయన ఓటు లెక్కకు ఒకటే. ఆయన టికెట్ ఇప్పించిన కౌన్సిలర్ల ఓట్లన్నీ దాని వెనకే నడుస్తాయి. ఒకప్పుడు సేలం మున్సిపాలిటీ రాజాజీకీ, అహ్మదాబాదు వల్లభ్‌భాయ్ పటేల్‌కూ, రాజమండ్రి ప్రకాశం పంతులుకూ రాజకీయాల్లో మొదటి మెట్లు. ఆ మెట్టు మీదినుంచి పైకెళ్లేవాళ్లు. ఇప్పుడు పైనుంచి కిందికి చూపు పారితేనే ఆ మెట్టు మీద చోటు దొరుకుతుంది.

కౌన్సిల్ సమావేశం దగ్గరికి వెళ్లి చూస్తే ఇది కంటికి కనబడుతుంది. కొన్ని రోజుల ముందు ప్రతి కౌన్సిలర్ ఇంటికీ అజెండా కట్ట వస్తుంది. ఒక్కో అంశానికీ ఒక నెంబరు, దాని కింద 'ఆఫీసు నోట్'. ఫలానా వార్డులో సీసీ డ్రెయిను, అంచనా ఇంత, ఫలానా పద్దు కింద, 'కౌన్సిల్ వారి ఆమోదం కొరకు' అని చివర ఒక వాక్యం. సగం అంశాలు ఇప్పటికే అయిపోయిన పనులు. ఛైర్మన్ ముందస్తు అనుమతితో అత్యవసరంగా చేశారు, ఇప్పుడు ర్యాటిఫై చెయ్యమంటారు. మోటారు కాలిపోయిందంటే అత్యవసరమే, ఎవరూ కాదనరు. కానీ ఆ దారెంట మరెన్నో వెళ్తాయి. వీటికి తోడు సమావేశం మొదలయ్యే వేళకు బల్ల మీద పెట్టే 'టేబుల్ అజెండా' ఒకటి. చదివే వ్యవధి ఉండదు. గుమాస్తా అంశం నెంబరు చదువుతాడు, ముందు వరసలోంచి ఎవరో 'పాస్' అంటారు, పుస్తకంలో 'ఆమోదించడమైనది' అని పడుతుంది. ప్రతిపక్ష కౌన్సిలర్ ఒకరు లేచి పాత బిల్లు సంగతి అడిగితే మరో పావుగంట గొడవ, మరునాడు జిల్లా ఎడిషన్లో ఫొటో. ఆ అడిగిన మనిషి తన అసమ్మతి రాతపూర్వకంగా నమోదు చెయ్యమని పట్టుబడితే, రేపు ఆడిట్‌లో అది ఆధారమవుతుంది. కౌన్సిలర్ చేతిలో మిగిలిన బలమైన ఆయుధం అదే. వాడేవాళ్లు తక్కువ.

వాడకపోవడానికి కౌన్సిలర్ల తప్పూ ఉంది, వాళ్లను మాత్రమే అంటే కుదరదు. ఇంటి పన్ను సంగతి తీసుకోండి. 2020 మే నెలలో కేంద్రం రాష్ట్రాలకు అదనపు అప్పు చేసుకునే వీలు ఇస్తూ కొన్ని షరతులు పెట్టింది. పట్టణాల ఆస్తి పన్నును రిజిస్ట్రేషన్ విలువలకు ముడిపెట్టాలన్నది వాటిలో ఒకటి. ఆంధ్రప్రదేశ్ సర్కారు ఆ ఏడాది చివర్లో చట్టం సవరించింది. అద్దె విలువ పోయి మూలధన విలువ వచ్చింది. పన్ను ఏ కనిష్ఠ, గరిష్ఠ శాతాల మధ్య ఉండాలో అందులోనే రాశారు, పెంపు ఒక్కసారిగా పడకుండా ఏడాదికి 15 శాతం హద్దు పెట్టారు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఇక తెనాలిలో, రేపల్లెలో కౌన్సిళ్లకు పోలింగు జరిగింది అదే ఏడాది మార్చి 10న. మార్చి 18న ఛైర్మన్ల ఎన్నిక. అంటే తెనాలి 40 వార్డుల సభ్యులు, రేపల్లె 28 వార్డుల సభ్యులు ప్రమాణం చేసిన రెండు వారాలకు, తమ ఊరి ముఖ్యమైన పన్ను మారిపోయింది. దాన్ని దేన్నిబట్టి కట్టాలో అమరావతిలో తేలింది, ఎందుకు మార్చాలో ఢిల్లీలో తేలింది. కౌన్సిళ్లకు మిగిలింది ఆ హద్దుల నడుమ ఒక అంకె ఎంచుకోవడం. పన్ను మంచిదో చెడ్డదో వేరే చర్చ. పాత పద్ధతిలోనూ అన్యాయాలుండేవి, ఖరీదైన వీధిలో పాత ఇంటికి నామమాత్రపు పన్ను పడేది. నూరేళ్ల కింద చీరాల కౌన్సిలర్లకు కనీసం రాజీనామా చెయ్యడానికి ఒక సందర్భం దొరికింది, వీళ్లకు అదీ లేదు. ఖర్చు వైపు కూడా అంతే. పదిహేనో ఆర్థిక సంఘం చిన్న పట్టణాలకిచ్చే గ్రాంటులో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికి కట్టిపడేసింది. పన్నెండో షెడ్యూలులో 18 విషయాలు పట్టణాలవని రాశారు, పట్టణ ప్రణాళిక వాటిలో మొదటిది. తెనాలి పేరును తన పేరులోనే పెట్టుకున్న విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ 1978 నుంచి ఉంది, 2014లో రాజధాని ప్రాంతం కోసం పెట్టిన సీఆర్‌డీఏలో కలిసింది. ఊరి పటం గీసింది అలాంటి సంస్థలే. తెనాలి కౌన్సిల్ హాల్లో ఆ పని జరగలేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. వార్డు సచివాలయాలు 2019 అక్టోబరు 2న వచ్చాక పింఛను, ధ్రువపత్రాలు, దరఖాస్తులు అక్కడే జరిగిపోతున్నాయి. ఇక కౌన్సిలర్‌తో జనానికి పనేముంది? ఆ సచివాలయాల వల్ల కౌన్సిలర్ గుమ్మం ముందు క్యూ తగ్గిన మాట వాస్తవం. కొంతమంది కౌన్సిలర్లు దాన్ని అవమానంగా తీసుకున్నారు. నా దృష్టిలో వాళ్లు బాధపడాల్సింది దానికి కాదు. పింఛను ఇప్పించడం హక్కును ఉపకారంగా మార్చి పంచడమే, ఆ పని ఉద్యోగి చేసి రసీదిస్తేనే మేలు. దరఖాస్తుల బరువు దిగిన కౌన్సిలర్ ఖాళీ దొరికిన వేళలో ఆఫీసు నోట్ చదవొచ్చు. తెనాలిలో 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు లక్షా 65 వేల మంది. నలభై వార్డులకు పంచితే నాలుగు వేల చిల్లరకు ఒక కౌన్సిలర్. దాదాపు 51 వేల జనమున్న రేపల్లెలో పద్ధెనిమిది వందల మందికి ఒకరు. ఎమ్మెల్యేకు లక్షల మంది, కమిషనర్‌కు ఊరంతా. ఓటరు పేరు పెట్టి పిలవగల దూరంలో ఉన్న ఏకైక ప్రజాప్రతినిధి కౌన్సిలరే. అంత దగ్గరి మనిషికి పింఛను కాగితం పట్టుకు తిరిగే పని మాత్రమే అప్పగిస్తే ఊరికి నష్టం.

రెండో అభ్యంతరం వీధిలో రోజూ వినిపించేది. ఈ కౌన్సిలర్లకు అధికారమిస్తే ఏం చేస్తారో మాకు తెలియదా? బినామీ పేర్ల మీద కాంట్రాక్టులు, లేఅవుట్ల దగ్గర బేరాలు, ఛైర్మన్ ఎన్నిక ముందు బస్సెక్కి రిసార్టుకు క్యాంపు. భార్య కౌన్సిలరైతే సమావేశం దాకా భర్త వచ్చి కూర్చోవడం. ఇదంతా ఉంది. కానీ ఒక చిన్న లెక్క వేసి చూడండి. అధికారం తక్కువైన చోట ఎలాంటి మనుషులు చేరతారు? పన్ను వెయ్యలేని, ఉద్యోగిని అడగలేని, ప్రణాళిక గీయలేని హాల్లోకి, తీరిక వేళలు ఖర్చుపెట్టి, ఎన్నికల ఖర్చు భరించి, చిన్న గౌరవ వేతనానికి వచ్చేవాళ్లెవరు? పదవితో వచ్చే పక్క లాభం తెలిసినవాళ్లు ఎక్కువగా వస్తారు. కవిరాజు లాంటి ప్లీడరు నేడు తెనాలిలో ఉంటే కౌన్సిల్‌కు పోటీ చేస్తాడా అన్నది అడగాల్సిన ప్రశ్న. చేస్తే బలులు ఆపగలడా అన్నది తర్వాతి మాట. క్యాంపు సంగతీ అంతే. ఏడాది పొడవునా కౌన్సిలర్ ఓటుకు విలువుంటే ఒక్క రోజు బేరానికి అంత ధర పలకదు. ఐదేళ్ల అధికారమంతా ఛైర్మన్ ఎన్నిక రోజుకు కుదించేస్తే, అమ్ముకునేవాడు ఆ రోజే అమ్ముకుంటాడు.

మూడో వాదన మర్యాదగా ఉంటుంది కాబట్టి ఎక్కువ ప్రమాదం. అధికారులే నయం, ఎన్నికలు లేకపోయినా ఊరు నడుస్తుంది కదా అని. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని పరీక్షించే అవకాశం కావలసినంత దొరికింది. 1993 జూన్ 1న అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ కౌన్సిల్ గడువు ఐదేళ్లేనని, అది ముగిసేలోగా కొత్త ఎన్నిక జరగాలని చెప్పింది. అహ్మదాబాదు మున్సిపల్ ఎన్నికల కేసులో 2006లో సుప్రీంకోర్టు ఐదేళ్ల గడువు దాటడానికి వీల్లేదని తేల్చింది. అయినా 2005 కౌన్సిళ్ల గడువు 2010లో ముగిశాక ఎన్నికలు 2014 మార్చిలో గాని జరగలేదు. ఆ కౌన్సిళ్లు 2019 జులైలో దిగిపోతే మళ్లీ పోలింగు 2021 మార్చిలో. ఆ పదకొండేళ్లలో సుమారు సగం కాలం మన పట్టణాలకు కౌన్సిళ్లు లేవు. రిజర్వేషన్ల లెక్కలు, కోర్టు కేసులు, విలీనాలు, ఎప్పటికప్పుడు కారణాలు దొరికాయి. ఒక్కోటీ విడిగా చూస్తే సబబైనదే. బాపట్ల పరిస్థితి ఇంకా విచిత్రం. 2021 మార్చి 10న పోలింగు జరిగిన పట్టణాల్లో తెనాలి ఉంది, రేపల్లె ఉంది, బాపట్ల లేదు. మరుసటేడు ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా కేంద్రమైంది. ఒకప్పుడు పన్నులు మోయలేక ఊరే వదిలిన చీరాల తిరిగి బాపట్ల పేరు కిందికి వచ్చింది. జిల్లా కలెక్టర్ కొలువుదీరిన నాటికి ఆ ఊళ్లో ఎన్నికైన వార్డు సభ్యుడు ఒక్కడూ లేడు.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పుడు పునరావాస కేంద్రాలు తెరిచి, జనాన్ని తరలించి, విరిగిన చెట్లు తొలగించింది అధికార యంత్రాంగమే. ఆ పని అధికారులే చెయ్యాలి, కౌన్సిలర్లు చెయ్యలేరు. అధికార పాలనను సమర్థించేవాళ్ల చేతిలో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు, దాన్ని ఒప్పుకుంటాను. కానీ తుపాను మూడు రోజులది. దాని తర్వాత మూడేళ్లు ఏ వీధి మురుగు కాలవ ఎత్తు పెంచాలి, ఏ వీధి ఆగాలి అన్నది ఉంటుంది. డబ్బు ఒక్క వీధికే సరిపోతుంది. కౌన్సిల్ లేని చోట సర్కారు నియమించే స్పెషల్ ఆఫీసర్ ఒక వీధిని ఎంచుకుంటారు, బహుశా సరిగ్గానే ఎంచుకుంటారు. రెండో వీధివాళ్లు ఎందుకు కాదని అడగాలంటే అర్జీ పెట్టుకోవాలి. కౌన్సిల్ ఉంటే వాళ్ల మనిషి అదే హాల్లో కూర్చుని ఉంటాడు, అవతలి వీధివాడి ముఖం చూస్తూ అడుగుతాడు, ఓడిపోతే ఓడిపోయాడని ఊరికి తెలుస్తుంది. గంగానమ్మ తగాదాలో కవిరాజు ఓటమి గురించి నాకు నచ్చేది ఇదే. ఒక కలెక్టర్ ఉత్తర్వుతో బలులు ఆపించి ఉంటే పని ఒక్క రోజులో అయ్యేది, కలెక్టర్ బదిలీతో మళ్లీ మొదలయ్యేది. ఆయన తన పక్షాన చేతులు లెక్కపెట్టుకోవలసి వచ్చింది, 1927 దాకా ఆగవలసి వచ్చింది. రెండోసారి పెట్టిన నిషేధం వెనక ఊళ్లో ఓట్లున్నాయి.

ఊరికి ఆదాయం లేనప్పుడు అధికారమిచ్చి ఏం లాభం అనేవాళ్లకు ఒక్క మాట చాలు. రేపల్లె లాంటి పట్టణం తన సొంత పన్నుతో మంచినీటి పథకం కట్టుకోలేదన్నది నిజమే. గ్రాంటు పైనుంచే రావాలి. రాష్ట్రానికి కేంద్రం నుంచి పన్నుల వాటా వస్తుంది, అంత మాత్రాన శాసనసభ అక్కర్లేదని ఎవరూ అనరు. డబ్బెవరిదైనా ఖర్చు ముందు ఒక హాల్లో చర్చకు రావాలన్న సూత్రం శాసనసభకు వర్తిస్తే నలభై వార్డుల హాలుకూ వర్తిస్తుంది. రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని వేళకు వేయడం, దాని సిఫారసులను, వాటి మీద తీసుకున్న చర్యలను శాసనసభ ముందు పెట్టడం రాజ్యాంగమే చెప్పిన పని. ఆ సంఘాల నివేదికల మీద మన శాసనసభలో ఎన్నడైనా వేడి చర్చ జరిగిందా అని వెతికితే వెతకడమే మిగులుతుంది.

స్పెషల్ ఆఫీసర్ పాలనలో కూడా తీర్మానాల పుస్తకం ఆగదు. చట్టం ప్రకారం ఆయన కౌన్సిల్ అధికారాలు వాడతారు కాబట్టి అంశానికి నెంబరు పడుతుంది, ఆఫీసు నోట్ తయారవుతుంది, కమిషనర్ సంతకంతో ఆయన బల్ల మీదికి వెళ్తుంది. సీసీ డ్రెయిను, అంచనా ఇంత, ఫలానా పద్దు కింద. ఒక సర్కారు ఉద్యోగి రాసిన నోటు కింద మరో సర్కారు ఉద్యోగి సంతకం పెడతారు. పుస్తకంలో 'ఆమోదించడమైనది' అని పడుతుంది. లేచి పాత బిల్లు సంగతి అడిగే మనిషి ఆ గదిలో ఉండడు.